చివరి చుక్క దొరికితే ఎక్స్‌టెన్షన్ దొరికినట్టేనా? సీలో ఫైల్ పాత్‌ల సంగతి

నమస్కారం. సీ ప్రోగ్రామింగ్ భాషలో, పాత్ (ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా) నుంచి ఫైల్ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర .టీఎక్స్‌టీ లాంటి ముక్క) ఎలా తీయాలని ఎవరైనా అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఒక్కటే: "స్టర్‌ఆర్‌చార్‌తో చివరి చుక్క పట్టుకో, అయిపోయింది." స్టర్‌ఆర్‌చార్ అంటే స్ట్రింగ్‌లో ఒక గుర్తు చివరిసారి ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి చివరిదాకా ఇచ్చే ఫంక్షన్. ఈ జవాబు కనబడినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. ఎందుకో ఈ ఒక్క పాత్ మీద చూద్దాం.

(స్క్రీన్ మీద: /హోమ్/రవి/పాఠాలు1.2/గమనిక)

ఫైల్ పేరు గమనిక. దానికి అసలు ఎక్స్‌టెన్షనే లేదు. మరి చివరి చుక్క ఎక్కడుంది? ఫోల్డర్ పేరులో, 1కీ 2కీ మధ్య. అంటే మీ చేతికొచ్చే "ఎక్స్‌టెన్షన్" ఇదన్నమాట: .2/గమనిక. ఇందులో ఫంక్షన్ తప్పేమీ లేదు. సీకి పాత్ అనే టైపే లేదు. ఫోల్డరేదో ఫైలేదో దానికి తెలీదు, సున్నా బైట్ వచ్చేదాకా వరసగా ఉన్న బైట్లు తప్ప.

అందుకే ముందు స్లాష్, తర్వాతే చుక్క. చివరి స్లాష్ వెతకండి. దొరికితే దాని పక్క బైట్ నుంచి పేరు మొదలు, దొరక్కపోతే మొత్తం స్ట్రింగే పేరు. చుక్కని ఆ పేరులోనే వెతకండి. దొరికిన చుక్క పేరులో మొట్టమొదటి బైటే అయితే అది .బాష్‌ఆర్‌సీ లాంటి హిడెన్ ఫైల్, ఎక్స్‌టెన్షన్ కాదు.

తెలుగు పేర్లున్నా ఇది పనిచేస్తుందా? భేషుగ్గా. గమనిక చూడ్డానికి నాలుగక్షరాలు, బైట్లు లెక్కపెట్టే స్టర్‌లెన్ మాత్రం 15 అంటుంది. గ, మ, న, గుడి, క: ఐదు కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకిచ్చిన నంబర్లు), వాటిని బైట్లుగా రాసే పద్ధతైన యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు. ఈ 15లో ఒక్క బైట్ కూడా 128 కంటే తక్కువ ఉండదు. స్లాష్ విలువ 47, చుక్కది 46. కాబట్టి తెలుగక్షరం మధ్యలో దొంగ స్లాష్ తగిలే అవకాశమే లేదు. యూటీఎఫ్-8లో నాకు బాగా నచ్చే గుణం ఇదే. కాకపోతే లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఫైల్ పేరు హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 కోడ్‌పాయింట్లే.

ఇక ఇదే పాత్‌లో ఫోల్డర్ భాగం కావాలంటే డిర్‌నేమ్ అనే ఫంక్షన్ ఉంది. గ్లిబ్‌సీలో (లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ) అది ఏం చేస్తుందంటే, మీరిచ్చిన స్ట్రింగ్‌లోనే గమనిక ముందున్న స్లాష్‌ని చెరిపి అక్కడ సున్నా రాసేస్తుంది. ఆ తర్వాత అదే వేరియబుల్‌తో ఫైల్ తెరవబోతే మీకు దొరికేది ఫోల్డర్. కోట్స్‌లో రాసిన లిటరల్‌నే నేరుగా ఇస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే రాయకూడని మెమరీలో రాయబోయి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. స్టర్‌డప్‌తో కాపీ తీసి, ఆ కాపీనే ఇవ్వండి. ఫైల్ పేరు ఇచ్చే బేస్‌నేమ్ అయితే రెండున్నాయి: యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌ది ఒకటి, గ్లిబ్‌సీలో ఉన్న జీఎన్‌యూ సొంతది ఇంకొకటి. పాత్ "పాఠాలు1.2/" అని స్లాష్‌తో ముగిస్తే పోసిక్స్ బేస్‌నేమ్ పాఠాలు1.2 ఇస్తుంది, జీఎన్‌యూది ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. ఒకే పేరుతో రెండు రకాల ప్రవర్తన ఉంచడం చాలా తప్పని నా అభిప్రాయం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పాత్‌లు కలపడానికి స్ట్రింగ్‌లని అతికించే స్టర్‌క్యాట్ వద్దు, బఫర్ (ఫలితం రాసే మెమరీ) ఎంతుందో దానికి తెలీదు. సైజు కూడా తీసుకునే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడి రిటర్న్ వాల్యూ తప్పకుండా చూడండి. అది బఫర్ సైజుకి సమానమైనా, ఎక్కువైనా పాత్ తెగిపోయినట్టే. తెగిన పాత్ పేరుతో ఇంకో ఫైల్ నిజంగానే ఉండొచ్చు, మీది డిలీట్ చేసే కోడయితే ఆలోచించండి. పాత్ హద్దు లినక్స్‌లో 4096 బైట్లు, విండోస్‌లో పాత హద్దు 260 అక్షరాలు, అక్కడ బ్యాక్‌స్లాష్ కూడా వెతకాలి. పై ఫోల్డర్‌కి వెళ్లమనే రెండు చుక్కల్ని (..) స్ట్రింగ్‌లోంచి మీరే కొట్టేయకండి. పాఠాలు1.2 సింబాలిక్ లింక్ (వేరే చోటున్న ఫోల్డర్‌కి దారి చూపే పేరు) అయితే దాని పై ఫోల్డర్ రవి కాకపోవచ్చు. ఆ పని అసలు పాత్ తేల్చే రియల్‌పాత్ ఫంక్షన్‌కి వదిలేయండి: రెండో ఆర్గ్యుమెంట్ నల్, పాత్ డిస్క్ మీద ఉండాలి, వచ్చినదాన్ని పని అయ్యాక ఫ్రీ చేయాలి.