ఇరుకులో కట్టిన ఇల్లు: నాస్ ‘ఇల్‌మాటిక్’ని ఎలా వినాలి

అందరికీ నమస్కారం.

ఒక ర్యాప్ ఆల్బమ్ గురించి గంటసేపు మాట్లాడుకోవడానికి ఇంతమంది రావడం చాలా సంతోషం. ఆల్బమ్ పేరు ‘ఇల్‌మాటిక్’. కొలంబియా రికార్డ్స్ 1994 ఏప్రిల్ 19న విడుదల చేసింది. పాడిన నాస్ అసలు పేరు నాసిర్ జోన్స్. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మొత్తం పది ట్రాకులు. అందులో మొదటిది ముందుమాట లాంటిది, పాటలు తొమ్మిదే. అన్నీ కలిపి నలభై నిమిషాలకు కొన్ని సెకన్లు తక్కువ.

ఈ ఆల్బమ్ గొప్పతనం ఒక్క మాటలో చెప్పమంటే ‘ఇరుకు’ అంటాను. పుట్టిన చోటు ఇరుకు, చేసిన యంత్రం ఇరుకు, చెప్పడానికి దొరికిన సమయం ఇరుకు. అంత ఇరుకులో ఏదీ ఒలికిపోకుండా సర్దిన పద్ధతే దీని కళ.

ముందు చోటు సంగతి చూద్దాం. న్యూయార్క్ క్వీన్స్‌లో ఈస్ట్ రివర్ ఒడ్డున, క్వీన్స్‌బరో వంతెన పక్కనే క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్ అని ప్రభుత్వ కాలనీ ఉంది. 1930ల చివర కట్టారు. మూడువేలకు పైగా ఫ్లాట్లు, అన్నీ ఆరంతస్తుల ఇటుక భవనాలు. ఉత్తర అమెరికాలో అంత పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం ఇంకోటి లేదు. 80లలో క్రాక్ కొకైన్ అనే మాదకద్రవ్యం వచ్చి ఆ వీధుల్ని నుజ్జునుజ్జు చేసింది. 1992లో నాస్ ప్రాణ స్నేహితుణ్ణి అక్కడే కాల్చి చంపారు. అదే రాత్రి తమ్ముడికి కూడా తూటా తగిలింది, బతికాడు. ఈ చావు నీడ ఆల్బమ్ అంతటా ఉంటుంది. క్యాసెట్ రెండు వైపులకీ ‘40త్ సైడ్ నార్త్’, ‘41స్ట్ సైడ్ సౌత్’ అని పేటలోని వీధి లెక్కలతో పేర్లు పెట్టారు. అట్ట మీద ఏడేళ్ల నాస్ ముఖం, ఆ ముఖంలోంచి కనబడే అదే వీధి. వినేవాడికి చిరునామా ముందే చేతిలో పెట్టారన్నమాట.

ఇక యంత్రం. నన్నడిగితే ఇదే అసలు విషయం, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఆ రోజుల్లో హిప్‌హాప్ నిర్మాతల, అంటే పాటకు సంగీతం కట్టేవాళ్ల, చేతిలో ఉండేది ఈమ్యూ ఎస్పీ-1200, అకాయ్ ఎంపీసీ-60 లాంటి శాంప్లర్లు. పాత గ్రామఫోన్ రికార్డులోంచి ఒక ముక్క తీసుకుని, మీటల మీద పెట్టుకుని, మళ్లీ మళ్లీ వాయించే పెట్టెలివి. ఎస్పీ-1200లో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పడుతుంది. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లకు మించకూడదు. ఇప్పుడు లెక్క వేయండి. నిమిషానికి 90 దెబ్బల వేగంలో నాలుగు దెబ్బల ఒక ఆవర్తం, అంటే వాళ్ల భాషలో ఒక ‘బార్’, దాదాపు 2.67 సెకన్లు. అంటే ఒక్క బార్ కూడా పూర్తిగా పట్టదు!

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఇది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డుని 45 చుట్ల మీద తిప్పి ఎక్కిస్తారు. వేగం 1.35 రెట్లవుతుంది, 2.67 సెకన్ల ముక్క రెండు సెకన్లలో ఇమిడిపోతుంది. తర్వాత యంత్రంలో శ్రుతి దించి అసలు వేగానికి తెస్తారు. ఇందులో నష్టం ఉంది. ఆ యంత్రం 12 బిట్లది, అంటే శబ్దాన్ని కాస్త మోటుగానే నమోదు చేస్తుంది. దించినకొద్దీ పైస్థాయి మెరుపు పోతుంది, అంచుల్లో ఇసుక రాలినట్టు గరగర వస్తుంది. ఆ నష్టాన్నే వాళ్లు రంగుగా వాడుకున్నారు. ఈనాటి కంప్యూటర్‌లో అదే ముక్కను శుభ్రంగా తీసుకుని అదే డ్రమ్ వేసినా ఆ కాలపు బరువు ఎందుకు రాదో ఇక్కడ తెలుస్తుంది. గరగర తర్వాత పూసిన పూత కాదు, సర్దుకోవడంలో పడ్డ గీత.

రెండో ట్రాక్ ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ తీసుకోండి. చేసింది డీజే ప్రీమియర్. జో ఛేంబర్స్ జాజ్ రికార్డు ‘మైండ్ రెయిన్’లోంచి మంద్ర స్థాయి పియానో ముక్క ఒకటి, డోనాల్డ్ బైర్డ్ ‘ఫ్లైట్ టైమ్’లోంచి పైస్థాయిలో మోగే ముక్క ఇంకోటి. కింద డ్రమ్స్. అంతే. పియానో ఎక్కడికీ పోదు, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. చీకటి మెట్ల మీద ఎవరో పైకీ కిందికీ నడుస్తున్నట్టుంటుంది. రాగం విస్తరించకపోవడమే ఇక్కడ భావం, ఎందుకంటే ఆ పేటలోంచి బయటికి దారి లేదు.

ఈ పాట మొదటి చరణం ఒక్క టేకులో వచ్చిందని ప్రీమియరే చెప్పాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని నాస్ గొణుగుతాడు, అది రికార్డులో అలాగే ఉంచేశారు. ఆ వెంటనే వచ్చే పాదం చూడండి. అందులో ‘మంకీ ఫ్లిప్ ఎమ్’కి జవాబుగా ‘ఫంకీ రిథమ్’ వస్తుంది. నాలుగక్షరాలకు నాలుగక్షరాలు, అచ్చుకి అచ్చు. అది అయీ కాకుండానే ‘కికిన్’, ‘మ్యుజిషన్’, ‘ఇన్‌ఫ్లిక్టిన్’, ‘కాంపొజిషన్’ అని ఇంకో గొలుసు మొదలవుతుంది.

మన పద్యంతో పోల్చి వింటే దీని లోపలి పని బాగా తెలుస్తుంది. మన ప్రాస పాదంలో రెండో అక్షరం మీద ఉంటుంది, హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. ర్యాప్‌లో సరిగ్గా తిరగేసి ఉంటుంది. అచ్చుల వరస కలవాలి, హల్లులు దగ్గరగా ఉంటే చాలు. మనది పాదం మొదట్లో ముడి, వాళ్లది చివర్లో ముడి. నాస్ ఆ ముడిని చివరినుంచి లాగి పాదం నడుమంతా వేశాడు. పోలిక అక్కడితో ఆపాలి. మనకు గణాలున్నాయి, వాళ్లకు డ్రమ్ ఉంది. అతను అక్షరాలను డ్రమ్ దెబ్బ మీదే వేయడు. కొన్ని దెబ్బకు కాస్త ముందే పడతాయి, కొన్ని కాస్త వెనక. కచేరీలు వినేవాళ్లకు అతీతం, అనాగతం గుర్తొస్తాయి. తాళం కదలదు, మాట దాని చుట్టూ ఊగుతుంది.

దీన్ని అనుకరించేవాళ్లు ఎక్కడ తప్పుతారంటే ప్రాస కోసం మాట వెతుకుతారు. నాస్‌ది అలా కాదు, ప్రాస పడ్డ ప్రతిచోటా ఒక వస్తువో మనిషో ఉంటాడు. రెండో తప్పు ఊపిరి. 16 బార్ల చరణం ఆ వేగంలో దాదాపు 43 సెకన్లు. పాదం చివరే ఊపిరి పీల్చితే గొలుసు అక్కడే తెగుతుంది. వాక్యం ఎక్కడ ఆగుతుందో అక్కడ పీల్చాలి. అందుకు రాసేటప్పుడే చోటు వదిలి ఉండాలి.

‘వన్ లవ్’ పాట పూర్తిగా వేరే పని చేస్తుంది. జైల్లో ఉన్న స్నేహితులకు రాసిన ఉత్తరాలు. సంగీతం క్యూ-టిప్‌ది, హీత్ బ్రదర్స్ జాజ్ రికార్డులోంచి తీసిన ముక్క మీద కట్టాడు. ఊళ్లో ఎవరేం చేస్తున్నారు, నీ కొడుకు నీ పోలికే, ఫలానావాడు ఇలా మారాడు, ఇవే కబుర్లు. మూడో చరణంలో ఉత్తరం పక్కన పెట్టి, బెంచీ మీద ఎదురైన పన్నెండేళ్ల పిల్లాడితో మాట్లాడతాడు. ఆ వయసుకే డ్రగ్స్ అమ్ముతున్నాడు ఆ పిల్లాడు. నాస్ తిట్టడు, నీతి చెప్పడు, తనకు తెలిసిన జాగ్రత్త నాలుగు మాటల్లో చెప్పి లేచి వెళ్లిపోతాడు. నాకు ఆల్బమ్ మొత్తంలో బరువైన చోటు ఇదే. జైలుకి వెళ్లినవాడికి రాసిన ఉత్తరం, వెళ్లబోయేవాడితో మాటగా మారిపోయింది.

మిగిలిన పాటల గురించి క్లుప్తంగా చెబుతాను. ‘లైఫ్స్ ఎ బిచ్’లో ఏజీ అనే ర్యాపర్ ఒక చరణం అందుకున్నాడు, ఆల్బమ్‌లో అతిథి ర్యాపర్ అతనొక్కడే. పాట చివర వినబడే బాకా నాస్ తండ్రి, జాజ్ విద్వాంసుడు ఓలూ దారా వాయించింది. పాట నిరాశగా ముగిసిన చోట తండ్రి మాట్లాడకుండా సమాధానం చెబుతాడు. ‘ద వరల్డ్ ఈజ్ యువర్స్’కి పీట్ రాక్, అహ్మద్ జమాల్ పియానోని తీసుకుని ఆల్బమ్‌లో కెల్లా వెలుతురున్న పాట చేశాడు. చివరిది ‘ఇట్ ఐంట్ హార్డ్ టు టెల్’. మైకెల్ జాక్సన్ ‘హ్యూమన్ నేచర్’ మీద లార్జ్ ప్రొఫెసర్ కట్టాడు. 1991 డిసెంబరులో అమెరికా కోర్టు ఒకటి అనుమతి లేని శాంపిల్ దొంగతనమే అని తీర్పిచ్చాక, ఇలాంటి ప్రసిద్ధ పాట ముక్క వాడాలంటే ముందు హక్కులు కొనాల్సిందే. పెద్ద కంపెనీ వెనకుండడం ఇక్కడ పనికొచ్చింది.

ఒక సంగతి దాటేయకూడదు. అంతకుముందు ఒక ర్యాపర్ ఆల్బమ్ అంటే సాధారణంగా ఒక నిర్మాతో ఒక బృందమో చేసేది. ఇందులో ప్రీమియర్, లార్జ్ ప్రొఫెసర్, పీట్ రాక్, క్యూ-టిప్, ఎల్.ఇ.ఎస్. అని ఐదుగురు నిర్మాతలు. ఆ తర్వాత అందరూ ఇదే పద్ధతి పట్టుకున్నారు, చాలా ఆల్బమ్‌లు అతుకులబొంతలయ్యాయి. ఒకరి డ్రమ్ మెరుస్తుంది, ఇంకొకరిది మందంగా ఉంటుంది, వేగాలు ఎగిరి దూకుతాయి. ఇల్‌మాటిక్‌లో అతుకు కనబడకపోవడానికి కారణాలు మామూలువే. అందరూ న్యూయార్క్‌లో పనిచేసేవాళ్లే, అందరి చేతిలో ఒకే రకం యంత్రాలు, అందరూ వెతికిందీ దాదాపు ఒకే జాజ్, ఫంక్ అరలు. పాటల వేగాలు కూడా దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

‘ద సోర్స్’ అనే హిప్‌హాప్ పత్రిక అప్పుడే ఐదుకి ఐదు మైకులు ఇచ్చింది. తొలి ఆల్బమ్‌కి అది అపురూపం. అమ్మకాలు మాత్రం నెమ్మదిగా సాగాయి, పది లక్షల కాపీలకిచ్చే ప్లాటినం గుర్తింపు 2001లో గానీ రాలేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2021లో దీన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చుతున్నట్టు ప్రకటించింది.

ఇప్పుడు ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ మూడుసార్లు వినిపిస్తాను. మొదటిసారి మాటలు అర్థం చేసుకునే ప్రయత్నం చేయకండి, అరచేత్తో తొడ మీద తాళం మాత్రం వేయండి. రెండోసారి ఆ పియానో ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లీ మొదటికి వస్తుందో పట్టుకోండి. మూడోసారి మీ చేతి తాళానికి అతని మాట ముందు పడుతోందా, వెనక పడుతోందా చూడండి. స్పీకర్లు ఎడమా కుడీ రెండూ ఉన్నాయి, వెనక వరసలవాళ్లు కాస్త మధ్యకు జరగండి.