ధర 20 శాతం తగ్గింది, ఈఎంఐ మాత్రం తగ్గలేదు!

[తెర మీద: ఒక ఇంటి బొమ్మ, పక్కన కాలిక్యులేటర్]

ఇంటి కోసం 10 లక్షల అప్పు తీసుకోవాలనుకున్నారు. 20 ఏళ్ల గడువు, 6 శాతం వడ్డీ. నెలకి కట్టాల్సింది 7,164. ఇంతలో ఎవరో అన్నారు, ధరలు పడబోతున్నాయి, కాస్త ఆగమని. ఆగారు. నిజంగానే 20 శాతం పడ్డాయి. ఇప్పుడు 8 లక్షల అప్పు చాలు. కానీ ఈలోపు వడ్డీ 9 శాతానికి చేరింది.

[తెర మీద పెద్ద అంకెల్లో: 7,198]

కొత్త ఈఎంఐ ఇది. ఆగినందుకు 34 ఎక్కువ!

ఇదేం లెక్కల గారడీ కాదు. ఇళ్ల ధరలు ఊరికే పడవు. చాలాసార్లు వడ్డీలు పెరగబట్టే పడతాయి. లేదంటే ఉద్యోగాలు ఊడుతుంటాయి, బ్యాంకులు అప్పివ్వడానికి జంకుతుంటాయి. ఇల్లు చవకయ్యే రోజులూ అప్పు పుట్టని రోజులూ తరచూ ఒకటే. అందుకే రొక్కం చేతిలో ఉన్నవాళ్లకి పండగ, అప్పు చేసి కొనేవాళ్లకి సగం పండగ. ఆ సగమైనా ఎందుకంటే, రేపు వడ్డీలు తగ్గితే లోన్‌ని తక్కువ వడ్డీకి మార్చుకోవచ్చు. ఎక్కువ ధర పెట్టి కొన్నాక ఆ ధరని మార్చుకునే దారి మాత్రం ఎక్కడా లేదు.

సరే, ఇక అమ్మేవాళ్ల సంగతి.

[తెర మీద: 100 గడుల ఇల్లు. 80 గడులు ఎరుపు, 20 ఆకుపచ్చ]

ఈ ఇంటి విలువ 100. ఎరుపు బ్యాంకుది, ఆకుపచ్చ మీది. ధర 10 శాతం పడింది. ఇంటి విలువలో పోయింది పదో వంతే. మీ సొమ్ములో మాత్రం సగం పోయింది, ఎందుకంటే బ్యాంకు తన 80లో పైసా వదులుకోదు. అదే 25 శాతం పడితే? ఇల్లు 75, అప్పు 80. ఇల్లు అమ్మేసి, పైన మరో 5 మీరే జేబులోంచి తీసి కట్టాలి. దీన్నే నెగటివ్ ఈక్విటీ అంటారు. 1990ల మొదట్లో బ్రిటన్‌లో పది లక్షలకు పైగా కుటుంబాలు ఇందులో ఇరుక్కున్నాయి. అమెరికాలో 2006 నుంచి 2012 లోపు ధరలు సగటున నాలుగో వంతుకు పైగా పడ్డాయి. ఐర్లండ్‌లో 2007 తర్వాత సుమారు సగం పోయింది.

అయితే ఒకటి. ఈఎంఐ కట్టుకుంటూ అదే ఇంట్లో ఉండేవాళ్లకి ఇదంతా కాగితం మీది నష్టమే. ఉద్యోగం పోయి, విడాకులై, బదిలీ వచ్చి, అమ్మక తప్పనివాళ్లకే అది అసలు నష్టమవుతుంది.

అమ్మక తప్పనివాళ్లు కాకపోతే మనిషి ఏం చేస్తాడు? భీష్మించుకు కూర్చుంటాడు. "నేను కొన్న రేటు కూడా రాకపోతే ఎలా?" అంటాడు. మీరు ఎంతకి కొన్నారో కొనేవాడికి అనవసరం, కానీ ఆ అంకె మన మనసు వదలదు. జెనెసోవ్, మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990లలో బోస్టన్ నగరంలో ఫ్లాట్ల అమ్మకాలు పరిశీలించి 2001లో ఇదే చూపించారు. నష్టానికి అమ్మాల్సినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ రేటు చెప్పారు. నిజానికి కొంత ఎక్కువే రాబట్టారు కూడా, కాకపోతే ఇల్లు చాలా కాలం అమ్ముడుపోకుండా ఉండిపోయింది.

దీనివల్లే ధరలకన్నా ముందు అమ్మకాలు పడిపోతాయి. ధరల గ్రాఫ్ ఇంకా నిలకడగానే కనిపిస్తుంటుంది. కొనేవాళ్లు చూడాల్సింది ఆ గ్రాఫ్‌ని కాదు, అమ్మకానికి పెట్టిన ఇల్లు ఎన్నాళ్లుగా అలాగే ఉందో, రేటు ఎన్నిసార్లు దించారో అది.

[తెర మీద: చిన్న ఇల్లు 50, పెద్ద ఇల్లు 100, మధ్యలో బాణం]

మరి అమ్మేదీ కొనేదీ ఒకరే అయితే? చిన్న ఇల్లు అమ్మి పెద్దది కొనేవాళ్లు పైన 50 వేసుకోవాలి. రెండూ 20 శాతం పడ్డాయనుకోండి, 40కి అమ్మి 80కి కొంటారు. పైన వేసుకోవాల్సింది 40 మాత్రమే. అమ్మకంలో 10 పోయినా, కొనుగోలులో 20 కలిసొచ్చింది. రిటైరై, పెద్ద ఇల్లు అమ్మి చిన్నదాంట్లోకి మారేవాళ్లకి ఇదే లెక్క తిరగబడుతుంది, పాపం. మిగులుతుందనుకున్న 50లో 10 పోతుంది.

వినడానికి బాగుంది కదా? కానీ ఆ చిన్న ఇంటి మీద ఇంకా 40 అప్పు ఉందనుకోండి. 40కి అమ్మితే బ్యాంకుకే సరి. కొత్త ఇంటికి డౌన్ పేమెంట్ ఎక్కడినుంచి తెస్తారు? లెక్క ప్రకారం లాభమే, కానీ కదల్లేరు.

కాబట్టి ఆ చిన్న ఇల్లు అమ్మకానికే రాదు.

[తెర మీద: మళ్లీ 7,198. కాలిక్యులేటర్ పట్టుకున్న మొదటి కొనుగోలుదారు]

ఇతను వెతుకుతున్నది సరిగ్గా ఆ ఇంటినే.