లాప్‌టాప్ కొనేటప్పుడు అంకెలను ఎంతవరకు నమ్మాలి?

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. బెంగళూరులో నలుగురు తెలుగువాళ్లు చేరితే ఇద్దరి భుజానైనా లాప్‌టాప్ సంచి ఉంటుంది కాబట్టి ఈ విషయానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కరలేదు. లక్ష రూపాయలకు అటూ ఇటూగా పెట్టి కొనే, కిలో నుంచి కిలోన్నర లోపు బరువుండే సన్నని లాప్‌టాప్‌ల గురించే నేను మాట్లాడబోతున్నాను. గేమింగ్ యంత్రాల లెక్క వేరు, వాటి జోలికి వెళ్లను.

2008 జనవరిలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ మ్యాక్‌బుక్ ఎయిర్ అనే సన్నని లాప్‌టాప్‌ను ఒక కాగితపు కవరులోంచి తీసి చూపించారు. 2011లో ఇంటెల్ అల్ట్రాబుక్ అనే పేరు పెట్టి మిగతా కంపెనీలను కూడా ఆ దారి పట్టించింది. అప్పటి నుంచి కొనేవాళ్లలో రెండు పక్షాలున్నాయి: స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి తేల్చుకునేవారు, వాడి చూస్తేగాని ఏదీ తెలియదనేవారు. కొన్న తరువాత మార్చుకోలేని వాటి విషయంలో అంకెలనే గట్టిగా పట్టుకోవాలని, రోజూ చేతికీ కంటికీ తగిలే వాటి విషయంలో వాటిని పక్కన పెట్టాలని నా అభిప్రాయం.

మార్చుకోలేని వాటిలో మొదటిది ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ. ఈ తరగతి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు కనుక, తరువాత కంప్యూటర్ విడిభాగాలు అమ్మే మన ఎస్పీ రోడ్డులో ఎన్ని దుకాణాలు ఎక్కి దిగినా ప్రయోజనం ఉండదు. ఆపిల్ సైతం 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్ కనీస ర్యామ్‌ను 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచింది. ఇవాళ అంతకు తక్కువ కొనమని నేను ఎవరికీ చెప్పను. స్టోరేజ్ విషయంలో మాత్రం అంకె ఒకటే అయినా వస్తువు ఒకటి కాకపోవచ్చు. 2022లో ఆపిల్ ఎం2 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 జీబీ మోడల్‌కు ఒకే స్టోరేజ్ చిప్ వాడినందువల్ల, దానికి ముందున్న ఎం1 చిప్ మోడల్ కంటే ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే స్టోరేజ్, వేగం తగ్గింది. కరపత్రంలో రెండింటికీ 256 అనే ఉంటుంది.

ప్రాసెసర్ పేరును మరీ తలకెత్తుకోవడం నాకు నచ్చదు. ఒకే చిప్‌ను రెండు కంపెనీలు రెండు శరీరాలలో పెడితే, అది రెండు రకాలుగా నడుస్తుంది: మొదట్లో రెండూ పూర్తి వేగంతో దూసుకుపోయినా, వేడి పెరిగేకొద్దీ చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఎంత తగ్గించుకుంటుందన్నది లోపలి ఫ్యాన్, వేడిని బయటికి మోసే హీట్ పైపుల మీద ఆధారపడి ఉంటుంది. 2020లో వచ్చిన ఎం1 ఎయిర్‌కు అసలు ఫ్యానే లేదు. మెయిళ్లకూ బ్రౌజర్‌కూ అది వరమే. గంటసేపు కోడ్ బిల్డ్ చేసే (రాసిన ప్రోగ్రామును నడిచే రూపంలోకి మార్చే) వారికి మాత్రం ఆ నిశ్శబ్దానికి ఖరీదు ఉంటుంది.

బ్యాటరీ గంటల సంగతీ అంతే. ఎం2 ఎయిర్‌కు సినిమా చూస్తే 18 గంటలని, వెబ్ చూస్తే 15 గంటలని ఆపిల్ చెప్పింది. రెండూ తెర వెలుగును సుమారు సగానికి పెట్టి కొలిచినవేనని కింద చిన్న అక్షరాలలో ఉంటుంది. కెమెరా, మైకు తెరిచి రెండు పూటలా మీటింగుల్లో కూర్చునేవారి రోజు ఆ పరీక్షలో లేదు.

ఇక కీబోర్డు. 2015 నుంచి 2019 వరకు ఆపిల్ పలుచదనం కోసం వాడిన బటర్‌ఫ్లై కీబోర్డులో చిన్న నలుసు పడినా మీట మొరాయించేది. 2018లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించి, 2019 చివరి నుంచి కంపెనీ పాత పద్ధతికే మళ్లింది. కాగితం మీద మాత్రం ఆ పలుచదనం గొప్పగానే కనిపించింది. 2022లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్ పై వరుస మీటలను తీసేసి టచ్ పట్టీ పెట్టింది. ఎస్కేప్ మీటను మాటిమాటికీ నొక్కాల్సిన విమ్ అనే ఎడిటర్‌ను వాడే ప్రోగ్రామర్లకు ఆ మీట వేలికి తగలకపోతే ఎలా ఉంటుందో ఈ సభలో కొందరికి చెప్పనక్కరలేదు.

కాబట్టి షోరూముకు వెళ్లినప్పుడు దయచేసి నిలబడి చూడకండి. కౌంటరు నడుమెత్తున ఉంటుంది, అక్కడ ఏ కీబోర్డయినా బాగానే ఉంటుంది. కుర్చీ అడిగి కూర్చుని, నోట్‌ప్యాడ్ తెరిచి, ఒక పేరా తెలుగులో టైప్ చేయండి. మణికట్టు కింద అంచు ఒరుసుకుంటుందా, టచ్‌ప్యాడ్ కింది మూల కూడా నడిమిలాగే నొక్కుకుంటుందా గమనించండి. అక్కడ తెరలన్నీ పూర్తి వెలుగులో డెమో వీడియోలు ఆడుతుంటాయి. వెలుగు సగానికి తగ్గించి, నల్లటి పేజీ తెరిస్తే పైకప్పు దీపాలు ఎంతగా ప్రతిఫలిస్తాయో అప్పుడు తెలుస్తుంది. చార్జరును కూడా చేతిలోకి తీసుకోండి, పెట్టె మీది బరువులో దాన్ని సాధారణంగా కలపరు.

షోరూములో కూడా తేలని సంగతి ఒకటుంది. కొన్ని విండోస్ లాప్‌టాప్‌లు మూత వేసినా పూర్తిగా నిద్రపోవు. లోపల నెట్‌వర్క్ పని సాగుతూనే ఉండి, మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ చేరేలోగా సంచిలోనే వేడెక్కి బ్యాటరీ కరిగిపోతుంది. ఇది ఏ స్పెసిఫికేషన్‌లోనూ ఉండదు, అదే మోడల్‌ను నెలల తరబడి మోసినవారిని అడగాల్సిందే.

రెండు మోడళ్లు అన్నిటా సరితూగితే, పదమూడు అంగుళాల తెర మీద 4కే, అంటే మరింత సూక్ష్మంగా చూపే తెర, కోసం నేను అదనంగా చెల్లించను. అన్నీ బోర్డుకే అతికించిన యంత్రంలో ఒక చిప్ పోయినా బోర్డు మొత్తం మార్చమంటారు కనుక, ఆ డబ్బు మూడేళ్ల ఆన్‌సైట్ (మన దగ్గరికే వచ్చి బాగుచేసే) వారంటీకి పెడతాను. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.