98 శాతం వచ్చింది, కొంప మునిగింది: ఎంటెక్ సీఎస్ఈ ముచ్చట

నమస్తే అందరికీ. మొన్న ఆదివారం కాజీపేట నుంచి హన్మకొండ వస్తూ వరంగల్ నిట్ కాలేజీ దగ్గర చాయ్ తాగుదామని ఆగాను. మా గల్లీ తమ్ముడొకడు అక్కడే ఉన్నాడు. బీటెక్ సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, అయిపోవచ్చింది, క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. నన్ను చూడగానే గ్లాసు పక్కన పెట్టి, "అన్నా, ఎంటెక్ చెయ్యాల్నా, అమీర్‌పేట పోయి కోర్సు నేర్చుకోవాల్నా?" అని అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఈ వీడియో చేస్తున్నా.

ముందు పైసల సంగతి, ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న అదే కదా. గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరుతో నిట్ లాంటి చోట రెగ్యులర్ ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. ఊరికే ఇవ్వరు, వారానికి 8 గంటలు ల్యాబులు చూసుకోవడం, పేపర్లు దిద్దడం లాంటి పని చెయ్యాలి. గేట్ అంటే 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. నిట్ సీట్లు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో ఇస్తారు, మన రాష్ట్రంలోని కాలేజీలకైతే పీజీఈసెట్ అనే ఎంట్రన్స్ కూడా ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్ అవ్వాలంటే ఎంటెక్ తప్పనిసరి. ఇంకేం, ఈ వివరాలన్నీ మీ ఫోన్‌లోనే దొరుకుతాయి.

ఇంకో మాట. మన ఊళ్లోని నిట్ దేశంలో మొట్టమొదటి ఆర్ఈసీ, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ. 1959 అక్టోబర్‌లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశారు, 2002లో నిట్ అయింది. పాత ఆటో అన్నలు ఇప్పటికీ ఆర్ఈసీ అనే అంటారు. అంత పేరున్న కాలేజీ ఇంటి పక్కనే ఉండేసరికి, ఉద్యోగం రాకపోతే ఎంటెక్ అన్నట్టు అయిపోయింది మనకు. కాజీపేట జంక్షన్‌లో వెయిటింగ్ హాల్ ఉన్నట్టు. వెయిటింగ్ హాల్‌కి రెండేళ్లు ఎక్కువండీ.

మరి లోపల ఏం జరుగుతుంది? నేనెక్కడ చదివానో చెప్పను, మా ప్రాజెక్ట్ గైడ్ చూస్తే నా పని అంతే. మొదటి సెమిస్టర్‌లో అల్గారిథమ్స్ క్లాస్. అర్రే (array) అంటే కంప్యూటర్ మెమరీలో డేటా దాచుకునే గళ్ల వరుస. సార్ అడిగారు: "అర్రే నిండిపోతే సైజు రెట్టింపు ఎందుకు చేస్తాం? ఒక్క గడి పెంచితే సరిపోదా?" బీటెక్‌లో నాకు ఆ సబ్జెక్టులో 80 పైనే వచ్చాయి. నోరు పెగల్లేదు.

ఆ అర్రేని అద్దె ఇల్లు అనుకోండి, గదికో సామాను. సామాను ఒక్కటి పెరిగినప్పుడల్లా, సరిగ్గా ఒక్క గది ఎక్కువున్న ఇంటికి మారుతున్నారు. మారిన ప్రతిసారీ పాత సామానంతా మొయ్యాలి. 16 సామాన్లు చేరేసరికి 1 నుంచి 15 దాకా కూడితే 120 మోతలు. అదే ప్రతిసారీ రెండింతల ఇంటికి మారితే 1, 2, 4, 8, మొత్తం 15 మోతలే. 120 ఎక్కడ, 15 ఎక్కడ! నాలుగేళ్లుగా వాడుతున్న దాని లోపల ఇంత లెక్క ఉందని నాకు ఆ రోజే తెలిసింది. చాయ్ దగ్గర తమ్ముడికి ఈ లెక్కే చెప్పి వచ్చాను. ప్యాకేజీల గురించి చెప్తాననుకున్నాడేమో, మొహం చిన్నబోయింది.

అసలు కథ రెండో ఏడాది, డిసర్టేషన్‌లో, అంటే చివర్లో చేసే పెద్ద ప్రాజెక్ట్‌లో. మిరప ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే మోడల్, అంటే ఫోటోలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్, చేద్దామనుకున్నా. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊరు మనది, మా మేనమామకు మిర్చి తోట ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు రైతులను ఎట్లా ముంచిందో ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. మామ మొదటి రోజే చెప్పాడు, ఆకు అంచులు పైకి దోనెలాగా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని. మందులు వేరు, కాబట్టి తేడా తెలియాలి.

నాలుగు ఆదివారాలు తోటలో తిరిగి ఒక్కో మొక్కకు ఐదేసి ఫోటోలు తీశా. అన్నీ ఒక్క ఫోల్డర్‌లో పోసి, బాగా కలిపి, 80 శాతం ట్రైనింగ్‌కి, అంటే మోడల్‌కి నేర్పడానికి, 20 శాతం టెస్ట్‌కి, అంటే నేర్చుకుందో లేదో చూడ్డానికి పెట్టా. రిజల్ట్ 98 శాతం! అర్ధరాత్రి ల్యాబ్‌లో ఒక్కణ్నే గంతులేశా. తెల్లారగానే అమ్మకు ఫోన్.

గైడ్ నా రిజల్ట్ టేబుల్ చూసి మెచ్చుకోలేదు. "ఒకే మొక్క ఫోటోలు రెండు పక్కలా ఉన్నాయా?" అని మాత్రం అడిగారు. వెళ్లి చూశా. ఉన్నాయి. 17వ నంబర్ మొక్కవి నాలుగు ట్రైనింగ్‌లో, ఒకటి టెస్ట్‌లో. వెనకాల అదే డ్రిప్ పైపు, అదే ఎండ. నా మోడల్ ముడత నేర్చుకోలేదు, మామ తోటలో డ్రిప్ పైపు నేర్చుకుంది. ఇట్లా టెస్ట్‌లో రావాల్సింది ట్రైనింగ్‌లోనే కనపడిపోతే దాన్ని డేటా లీకేజ్ అంటారు. పేపర్ లీకేజ్ అంటే ఏంటో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు కదా.

ఒక మొక్క ఫోటోలన్నీ అయితే ఇటు, కాకపోతే అటు ఉండేలా మళ్లీ విడగొట్టా. 71 శాతం. అమ్మకు చెప్తే ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "సప్లిమెంటరీ ఉంటదా బిడ్డా?" అంది.

ఆ 71ని పైకి తేవడానికి మూడు నెలలు పట్టింది. వేరే ఊరి తోటల్లో ఫోటోలు తీశా, వెనకాల కనిపించేదంతా కత్తిరించా. చివరికి 83 దగ్గర ఆగింది. మిగిలిన తప్పుల్లో చాలావరకు పై ముడత, కింది ముడత మధ్యే. పైనుంచి తీసిన ఫోటోలో అంచు ఎటు తిరిగిందో సరిగ్గా కనపడదు. మామ అయితే ఆకును వేలితో ఎత్తి చూస్తాడు, నా మోడల్‌కి వేలు లేదు. థీసిస్‌లో ఆఖరి చాప్టర్ మొత్తం దీని గురించే రాశా. నాకు ఇప్పటికీ ఇష్టమైన చాప్టర్ అదే. ఇంటర్వ్యూల్లో మాత్రం ఎవరూ అడగలేదు, అది వేరే విషయం.

ఈ వీడియో రికార్డ్ చేద్దామని కూర్చునే ముందు తమ్ముడి నుంచి మెసేజ్ వచ్చింది. రాత్రి 11:40కి పెట్టాడు. ప్యాకేజీ మాట లేదు, అమీర్‌పేట మాట లేదు. "అన్నా, రెండింతలు కాకుండా మూడింతల ఇంటికి మారితే మోతలు ఇంకా తగ్గుతయి కదా? మరి ఖాళీ గదులకు కిరాయి ఎవరు కడ్తరు?"

ఇంకా రిప్లై ఇవ్వలేదు. వాణ్ని చాయ్‌కి పిలవాలి.