టేక్ ఆఫ్: ముందు చెప్పులు, తరువాతే విమానం

నమస్కారం. "టేక్ ఆఫ్" అనగానే మన కళ్లముందు విమానం లేస్తుంది. అంతవరకు ఇబ్బంది లేదు. దానికి ఎనిమిది అర్థాలున్నాయని పట్టిక ఇచ్చి, పిల్లలచేత వల్లె వేయించడం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. పరీక్ష అయిన మర్నాడు ఆ పట్టిక ఎవరికీ గుర్తుండదు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులను గుర్తుంచుకోండి, చాలు.

కాలిని అంటిపెట్టుకుని ఉన్న చెప్పు కాలి నుంచి వేరైంది. "ఆఫ్"లో ఉన్నది ఆ వేరుపడటమే. మనం చొక్కా విప్పుతాం, కళ్లజోడు తీస్తాం, చెప్పులు విడుస్తాం. ఇంగ్లీషులో ఈ మూడింటికీ "టేక్ ఆఫ్" సరిపోతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఎస్తేరు కథ చదవండి, రాజు తన ఉంగరం తీసే చోట ఉన్నది ఈ మాటే. రైట్ సోదరుల విమానం ఎగిరింది 1903లో!

ఇక విమానం. రన్‌వేను అంటిపెట్టుకున్న చక్రాలు దాన్ని వదిలాయి. తేడా ఒక్కటే: ఇక్కడ చెప్పును ఎవరూ విడవలేదు, చెప్పు తనంతట తానే కాలిని వదిలి లేచింది. అందుకే "ద ప్లేన్ టుక్ ఆఫ్". "ద పైలట్ టుక్ ఆఫ్ ద ప్లేన్" అంటే, ఆయన విమానాన్ని ఒంటి మీద నుంచి విప్పినట్టు వినిపిస్తుంది. "ద పైలట్ టుక్ ఆఫ్" అని ఆపేయాలి. మనకు "టేకాఫ్ అయింది" అలవాటు కాబట్టి "ఈజ్ టేకెన్ ఆఫ్" అనేస్తుంటాం. అదీ తప్పే.

మళ్లీ గుమ్మం దగ్గరికి రండి. "టేక్ ఆఫ్ యువర్ షూస్" అనవచ్చు, "టేక్ యువర్ షూస్ ఆఫ్" అనవచ్చు. పేరుకు బదులు సర్వనామం వస్తే మాత్రం దాని చోటు మధ్యలోనే: "టేక్ దెమ్ ఆఫ్". "టేక్ ఆఫ్ దెమ్" అని దయచేసి అనకండి.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. "టేక్ మండే ఆఫ్" అంటే పనిరోజుల నుంచి సోమవారాన్ని విడిచి సెలవు పెట్టడం. ధరలో 50 రూపాయలు తగ్గించినా ఇదే మాట. ఉన్నట్టుండి ఎవరైనా వెళ్లిపోయినా, వ్యాపారం ఒక్కసారిగా పుంజుకున్నా విమానం లెక్కే. బ్రిటన్‌లో ఒకరిని అనుకరించి నవ్వించడాన్నీ ఇలాగే అంటారు. దీన్ని చెప్పులతో ముడిపెట్టలేను, విడిగా గుర్తుంచుకోండి.

పలికేటప్పుడు, క్రియ అయితే బలం "ఆఫ్" మీద, నామవాచకం అయితే "టేక్" మీద. వచ్చే వీడియోలో విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుందాం: "పుట్ ఆన్".