టవర్ ఎన్ని అంతస్తులో తర్వాత... ముందు స్టేషన్ ఎంత దూరమో చెప్పండి!

నమస్తే అండి. మళ్లీ అదే గొడవ. హైదరాబాద్ పడమటి అంచున ఉన్న కోకాపేట టవర్ల ఫొటో ఒకటి పెట్టడం, దాని కింద కొట్టుకోవడం. ఊరు నాశనమైపోయిందని ఒక వర్గం. ఇప్పుడే కదా ఊరు ఎదుగుతోంది, ఎందుకు ఏడుస్తారని ఇంకో వర్గం. ఎఫ్‌ఎస్‌ఐ పెట్టాలి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని హద్దు గీయాలని వీళ్లు, అది పెడితే ఫ్లాట్ రేటు ఇంకా పెరుగుతుందని వాళ్లు. ఇదంతా మీకు తెలిసిందే, మళ్లీ మొదటి నుంచి చెప్పను.

నేను సూటిగా ఒక మాట చెబుతా, మీకు కోపం వచ్చినా సరే. నలభై అంతస్తులు కట్టడం తప్పు కాదు. యాభై కట్టినా తప్పు కాదు. రైలు పట్టాలు లేని చోట కట్టడం తప్పు! హైదరాబాద్‌లో ఏ పెద్ద బిల్డింగ్‌కైనా పర్మిషన్ ఇచ్చే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "స్టేషన్ ఎంత దూరం?" ఆ ప్రశ్న మన రూల్స్‌లో లేదు. మన ట్రాఫిక్ రోగానికి మూలం అక్కడే ఉందని నా వాదన.

రూల్ ఏం చెబుతోందో చూడండి. 2006లో జీవో 86 తెచ్చి హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ ఎత్తేశారు. తర్వాత 2012లో వచ్చిన జీవో 168 కూడా దాన్ని మళ్లీ పెట్టలేదు. ముంబైలో, బెంగళూరులో ఉన్నట్టు స్థలానికి ఇన్ని రెట్లే అనే హద్దు ఇక్కడ లేదు. మరి ఎత్తును దేన్ని బట్టి నిర్ణయిస్తారు? ఇంటి ముందున్న రోడ్డు వెడల్పును బట్టి! రోడ్డు ఎంత వెడల్పుంటే బిల్డింగ్ అంత పైకి పోవచ్చు. వంద అడుగుల రోడ్డు మీద స్థలం ఉండి, చుట్టూ సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా వదిలి, ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఎయిర్‌పోర్టు వాళ్ల ఎన్‌ఓసీ తెచ్చుకుంటే ఇక ఆకాశమే హద్దు.

బాగా వినండి. వెడల్పు రోడ్డు ఉంటే చాలు, ఎంతమందినైనా మోస్తుందని రూల్ రాసినవాళ్లు నమ్మారు. ఒక చిన్న లెక్క వేద్దాం. నలభై అంతస్తుల టవర్, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు. టవర్‌కు 320. అలాంటివి ఐదు టవర్లు, ఒకే గేటు. మొత్తం 1,600 ఫ్లాట్లు. ఇంటికి ఒక్క కారే అనుకుందాం, రెండో కారు సంగతి వదిలేయండి. ఒక్కో కారుకు ఐదు మీటర్లు. బంపర్‌కు బంపర్ ఆనించి నిలబెడితే ఎనిమిది కిలోమీటర్లు! ఒక్క గేటెడ్ కమ్యూనిటీ కార్లు ఇవి. దాని పక్కన ఇంకోటి, ఎదురుగా ఇంకోటి, అన్నీ పొద్దున తొమ్మిదింటికి అదే రోడ్డెక్కాలి. వంద అడుగులు కాదు, రెండు వందల అడుగుల రోడ్డు వేసినా విప్రో సర్కిల్ దగ్గర సిగ్నల్ పడక తప్పదు.

సాయంత్రం ఏడింటికి నానక్‌రామ్‌గూడ నుంచి నార్సింగి వైపు వెళ్లేవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఫ్లైఓవర్ ఎక్కితే దిగేచోట జామ్, ఎక్కకపోతే ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు, సర్వీస్ రోడ్డులో జామ్. మధ్యలో కాంక్రీట్ మిక్సర్ లారీ ఒకటి అడ్డం తిరుగుతుంది, వెనకాల వాళ్లంతా హారన్ మీద చెయ్యి తీయరు. స్టేషన్ ఎంత దూరం? అసలు స్టేషనే లేదు!

ఇప్పుడు డబ్బుల సంగతి. ఇది చెబుతుంటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పోయింది. ఆ ఒక్క వేలంలో 45 ఎకరాలకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి. దేశమంతా నోరెళ్లబెట్టింది, మనమూ చప్పట్లు కొట్టాం. మరి ఎంఎంటీఎస్, అంటే మన లోకల్ రైలు, రెండో దశ మొత్తానికి మొదట వేసిన అంచనా ఎంతో తెలుసా? దాదాపు 817 కోట్లు! మేడ్చల్ వైపు, ఘట్‌కేసర్ వైపు, ఉందానగర్ వైపు, మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు, తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురానికి, అన్నీ కలిపి. అంటే కోకాపేట ధరకు ఎనిమిది ఎకరాలు! ఎనిమిదెకరాల డబ్బుతో నగరానికి నాలుగు దిక్కులా లోకల్ రైలు వచ్చేది. ఆ పని 2012-13లో మంజూరైంది. మూడింట రెండు వంతులు రాష్ట్రం పెట్టాలి, ఒక వంతు రైల్వే పెట్టాలి. రాష్ట్రం వాటా ఇవ్వలేదని రైల్వే, రైల్వేనే నాన్చుతోందని రాష్ట్రం. మధ్యలో సనత్‌నగర్ దగ్గర రక్షణ శాఖ భూమి పేచీ ఒకటి. మేడ్చల్ బండి, ఉందానగర్ బండి మొదలైంది 2023 ఏప్రిల్‌లో. మౌలాలి-సనత్‌నగర్ లైను మీద బండి కదిలింది 2024 మార్చిలో. పదేళ్లు దాటింది! ఈ పదేళ్లలో ఎన్ని టవర్లు లేచాయో మీ కిటికీలోంచి చూస్తే కనబడుతుంది.

ఆ మౌలాలి-సనత్‌నగర్ లైను గురించి ఇంకో మాట. ఫిరోజ్‌గూడ, సుచిత్ర, భూదేవి నగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్... ఇవన్నీ జనం కిక్కిరిసి ఉన్న ఏరియాలు. అక్కడివాళ్లు సికింద్రాబాద్ గుంపులో ఇరుక్కోకుండా నేరుగా హైటెక్ సిటీ వైపు పోవచ్చు. బంగారం లాంటి లైను. దాని మీద తిరిగే లోకల్ బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్టేషన్ కట్టి బండి వేయకపోతే జనం ఎక్కడం లేదు అంటారు, జనం ఎక్కడం లేదు కాబట్టి బండి వేసేది లేదంటారు. పొద్దున ఒకటి పోతే మళ్లీ మధ్యాహ్నం దాకా లేదంటే ఉద్యోగం చేసుకునేవాడు ఎలా నమ్ముకుంటాడండీ?

కొంతమంది అంటారు, పాత లైన్లన్నీ పాత ఊరి కోసం వేసినవి, కొత్త హైదరాబాద్ పడమటి వైపు పెరిగింది కాబట్టి రైలుకు ఇక్కడ పని లేదని. అయ్యా, లింగంపల్లి లైను ఎప్పటిదో తెలుసా? 1874. సికింద్రాబాద్ నుంచి కర్ణాటకలోని వాడి జంక్షన్ దాకా నిజాం కాలంలో వేసిన లైను అది. హైటెక్ సిటీ అనే పేరు పుట్టకముందే హైటెక్ సిటీ మీదుగా పట్టాలున్నాయి! బోరబండ, హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి, అటు తెల్లాపూర్, నాగులపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్. నూటయాభై ఏళ్ల కిందట మన కోసం పట్టాలు వేసి పెట్టి పోతే, మనం వాటికి దూరంగా జరిగి పోయి కొండల్లో టవర్లు కట్టుకున్నాం.

కొల్లూరు సంగతి చెప్పకుండా ఈ వీడియో ముగించలేను. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, 15,660. ఒక్కచోటే 117 బ్లాకులు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇల్లు లేని పేదోడికి ఇల్లిచ్చారు, గొప్ప పని, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ ఇళ్లలోకి వచ్చినవాళ్లు ఎవరు? నగరంలో బస్తీల నుంచి వచ్చినవాళ్లు. ఇళ్లల్లో పనిచేసే అమ్మలు, అడ్డా మీద కూలీలు, షాపుల్లో చేసేవాళ్లు. వాళ్ల పనంతా సిటీలోనే ఉంది. వికారాబాద్ వెళ్లే లైను ఆ వైపు నుంచే పోతుంది, కానీ వాళ్లను పొద్దున పనికి తీసుకెళ్లి సాయంత్రం దింపే లోకల్ బండి లేదు. 15,660 ఇళ్లు కట్టిన రోజే, స్టేషన్ ఎంత దూరం అని ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే, ఇళ్లతో పాటు బండి కూడా వచ్చేది. రెండు పనులు చూసిన తర్వాత ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదవుతుందంటే, ఆ ఇంట్లో పిల్లలు ఎవరి దగ్గరుండాలి?

ముంబైలో ఇల్లు ఎక్కడ అంటే స్టేషన్ పేరు చెబుతారు, ఈస్టా వెస్టా అని అడుగుతారు. మన దగ్గర ఇల్లెక్కడ అంటే? "పిల్లర్ నంబర్ ఫలానా దగ్గర రా అన్నా!" అత్తాపూర్ వైపు పోతే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్ చెబుతారు. కూకట్‌పల్లిలో మెట్రో పిల్లర్ నంబర్. ఇది నాకు భలే ఇష్టం, ఏ ఊళ్లోనూ ఇంత ముచ్చటైన అడ్రస్ దొరకదు. కానీ ఒకసారి ఆలోచించండి, మన ఊరు ఫ్లైఓవర్ స్తంభాలను గుర్తుపెట్టుకుంది కానీ లోకల్ రైలు స్టేషన్లను గుర్తుపెట్టుకోలేదు. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ మీద రోజూ పోయేవాళ్లలో ఎంతమందికి కిందే స్టేషన్ ఉందని గుర్తుంటుంది?

మరి మెట్రో ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. 69 కిలోమీటర్లు, 2017 నవంబర్‌లో మొదలైంది. దాని చుట్టూ కూడా ఇదే తప్పు చేశాం. మెట్రో కంపెనీకి రియల్ ఎస్టేట్ కోసమని 269 ఎకరాలిచ్చారు. కట్టిందేమిటి? పంజాగుట్టలో మాల్, ఎర్రమంజిల్‌లో మాల్, హైటెక్ సిటీలో మాల్, మూసారాంబాగ్‌లో మాల్! స్టేషన్‌ను ఆనుకుని జనం ఉండే ఇళ్లు కట్టాల్సిన చోట పాప్‌కార్న్ అమ్ముకున్నాం. తర్వాత నష్టాలొచ్చాయి, 2025 మేలో టికెట్ రేట్లు పెంచారు. ఎక్కే జనం స్టేషన్ పక్కనే కాపురముంటే ఈ బాధ ఇంతుండేదా?

రెండో దశ మెట్రోలో మొదటి భాగమే 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల అంచనా. కిలోమీటరుకు మూడు వందల కోట్ల పైమాట. కట్టండి, నేను వద్దనను. కానీ ఉన్న రైలు పట్టాల మీద బండ్లు పెంచడానికి అందులో పిసరంత చాలు. ఎంఎంటీఎస్ కనీస టికెట్ ఐదు రూపాయలండీ! ఈ రోజుల్లో ఐదు రూపాయలకు ఏమొస్తుంది?

ఎంఎంటీఎస్‌లో లోపం లేదా అంటే, బోలెడంత ఉంది. ఎక్స్‌ప్రెస్ బండ్లు, గూడ్సు బండ్లు పోయే పట్టాల మీదే ఇదీ పోవాలి. ముంబై బండి వస్తోందంటే లోకల్ పక్కన ఆగాల్సిందే. ఆఫీసుకెళ్లేవాడికి ఎప్పుడొస్తుందో తెలియని బండి ఉన్నా లేనట్టే. అందుకే లోకల్‌కు విడిగా మూడో లైను, నాలుగో లైను కావాలి. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ దిగి చూడండి. పేరు హైటెక్ సిటీ, మెట్రో స్టేషన్ పేరూ హైటెక్ సిటీ, రెండింటికీ మధ్య కిలోమీటర్ల దూరం! బయటికి రాగానే షేర్ ఆటోవాళ్లు చుట్టుముడతారు. వానాకాలం అయితే బురదలో కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ నడవాలి. ఐదు రూపాయల రైలు దిగి అంతకు నాలుగింతలు ఆటోకు. ఇలా ఉంటే కారు కొనుక్కోక ఏం చేస్తాడు?

ఇప్పుడు నా డిమాండ్. స్టేషన్‌కు పది నిమిషాల నడక దూరంలో ఎంత ఎత్తైనా కట్టుకోనివ్వండి. పార్కింగ్ సెల్లార్లు మూడు, నాలుగు తవ్వమని బలవంతం పెట్టకండి. కానీ అందులో చిన్న ఫ్లాట్లు, మామూలు జీతగాడు కొనుక్కోగలిగేవి ఇన్ని ఉండాలని రాయండి. స్టేషన్‌కు దూరంగా నలభై అంతస్తులంటే, పట్టాలు వచ్చాకే పర్మిషన్. ఎత్తైన బిల్డింగుల దగ్గర ఇంపాక్ట్ ఫీజు అని ఇప్పటికే వసూలు చేస్తున్నారు కదా, ఆ డబ్బు ఇంకో ఫ్లైఓవర్‌కు పోకుండా ఆ ఏరియా స్టేషన్‌కే పోవాలి.

నాకు తెలుసు, వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. "అన్నా, స్టేషన్ల పక్కన టవర్లకు పర్మిషన్ ఇస్తే బోరబండ బస్తీవాళ్లను ఖాళీ చేయిస్తారు కదా?" సరైన భయమే. అందుకే బస్తీ కదలకూడదు. అక్కడున్నవాళ్లకు అక్కడే పక్కా ఇల్లు కట్టి, వాళ్ల చేతికి తాళం ఇచ్చాకే పైన అమ్ముకునే అంతస్తులు. బోరబండలో ఉన్నవాణ్ణి రైలు పక్కనుంచి లేపి ఓఆర్ఆర్ అవతల పడేసే ప్లాన్ అయితే నేనే మొదట ధర్నాకు కూర్చుంటా.

అటు తూర్పు వైపు అవకాశం ఇంకా చేజారిపోలేదు. చర్లపల్లిలో 2025 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు. మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్ లైను చుట్టూ ఇంకా ఖాళీ జాగా ఉంది, రేట్లు కోకాపేట అంత లేవు. అక్కడ కూడా రోడ్డు వెడల్పు చూసి పర్మిషన్లు ఇచ్చుకుంటూ పోతే పదేళ్లలో ఇంకో నార్సింగి తయారవుతుంది.

కాబట్టి మీరు ఒక పని చేయండి. ఈ శనివారం ఏదైనా సైట్ విజిట్‌కు వెళ్తే క్లబ్‌హౌస్, ఇన్ఫినిటీ పూల్ చూపించే సేల్స్ అబ్బాయిని ఆపి, స్టేషన్ ఎంత దూరం అని అడగండి. "సార్, మెట్రో రాబోతోంది" అంటాడు. రాబోయేది వద్దు, ఇప్పుడున్నది ఎక్కడో చెప్పమనండి. వాడేం చెప్పాడో, ఏ ఏరియానో కింద రాయండి. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా ఒక్కో స్టేషన్ చుట్టూ ఎంత ఖాళీ జాగా ఉందో, ఏం కడుతున్నారో తిరిగి చూపిస్తా. ఆ వరసలో మొదటి వీడియో హఫీజ్‌పేట.