సాగర్ ఫోటోలో అమ్మమ్మ వీపు

హాయ్ అండీ, అందరికీ నమస్తే! ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, నల్లగొండలో మా అమ్మ వాళ్లింటి నుంచి. సంక్రాంతికి వచ్చాను. జెట్ లాగ్‌తో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఏం తోచక బీరువా మీది పాత ఆల్బమ్ దించాను.

తెరవగానే టెన్షన్ మొదలైంది. జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ షీటు ఉండే ఆల్బమ్ ఇది. అప్పట్లో ఇదే ఫ్యాషన్. ఇన్నేళ్లకు ఆ జిగురు ఫోటోలను పట్టేసింది. గోరుతో లాగితే మామయ్య పెళ్లి ఫోటో మూల చిరిగింది. ఆయనకింకా చెప్పలేదు, ఈ వీడియో చూసే తెలుసుకుంటాడు! తర్వాత డెంటల్ ఫ్లాస్ దారం ఫోటో కిందికి పోనిచ్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ లాగితే చాలావరకు ఊడి వచ్చాయి. రానివాటి జోలికి పోలేదు. కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌తో తీసుకున్నాను.

ఇదిగో, ఇది చూడండి. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని తెలిసి అందరం జీపులో హాలియా మీదుగా వెళ్లిన రోజు. నాకు ఏడెనిమిదేళ్లు. మొత్తం 26 గేట్లలో ఆరోజు ఎన్ని ఎత్తారో గుర్తులేదు. ఆ హోరు, మొహాన కొట్టిన తుంపర మాత్రం గుర్తున్నాయి. నాన్న దగ్గర 36 ఫోటోల రీలు ఉండేది, లెక్కపెట్టుకుని నొక్కేవాడు. "అందరూ ఇటు చూడండి" అన్నాడు. అమ్మమ్మ తప్ప అందరం చూశాం. ఆమె నీళ్లవైపు తిరిగి నిలబడింది. రీలు కడిగించి తెచ్చాక "ఒకటి వేస్టయింది" అని నాన్న విసుక్కున్నాడు.

ఇప్పుడు రంగులన్నీ ఎర్రబారాయి. మిగతా ఫోటోలన్నిట్లో అమ్మమ్మ రేషన్ కార్డు కోసం దిగినట్టు బిగుసుకుని ఉంటుంది. ఇందులో మొహమే లేదు. కొప్పు, తడిసిన వీపు, గాలికి ఎగురుతున్న కొంగు. నీళ్లు చూస్తూ మమ్మల్ని మరిచిపోయిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నిన్న జూమ్ చేస్తే ఆమె ఎడమచెయ్యి కనబడింది. వెనక్కి చాచి, నా చొక్కా కాలర్ పిడికిట్లో పట్టుకుని ఉంది. నేనేమో కెమెరాకు నాలుక బయటపెట్టి చూపిస్తున్నాను.

ఇదే ఫోటో ఇవాళ తీసుంటే అక్కడికక్కడే డిలీట్ చేసేసేవాణ్ని. నా ఫోన్లో పిల్లల ఫోటోలు వేలల్లో ఉన్నాయి. అందరూ నవ్వుతూనే ఉంటారు, ఏది ఏ రోజుదో చెప్పడం నా వల్ల కాదు.

పొద్దున అమ్మ వసారాలో పాత చీర పరిచి సకినాలు చుడుతోంది. చేతులకు పిండి, మోచేతి మీద ఒక నువ్వుగింజ. నేను ఫోన్ ఎత్తగానే, "ఆగు బిడ్డా, మంచి చీర కట్టుకొని వస్త" అని లేవబోయింది.

అప్పటికే నొక్కేశాను.